కీబోర్డు గొంతులో జీర

తంబురా శ్రుతి చేసేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బిరడాలు తిప్పి నాలుగు తీగలూ కలిపాక పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడు మొదలవుతుంది. గుర్రం మీద ప్రతి తీగ కిందా ఒక నూలుపోగు ఉంటుంది. దాన్ని జీవ అంటారు. ఒక చేత్తో తీగ మీటుతూ, రెండో చేతి వేలికొనతో ఆ పోగును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. కాసేపు ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒకచోట తీగ విచ్చుకుంటుంది. అంతవరకూ టంగుమని ఊరుకున్న తీగే జుమ్మంటూ సాగుతుంది. అందులోంచి ఎవరూ మీటని గాంధారం కూడా వినిపిస్తుంది. పోగు ఇంకాస్త జరిగిందా, మళ్లీ మూగ.

తీగ ఊగినప్పుడల్లా గుర్రం వంపును ఒరుసుకుంటుంది. ఎంత మెత్తగా ఒరుసుకోవాలో తేల్చేది ఆ పోగు. ఆ ఒరిపిడి వల్ల తీగ కదలిక ఆకారం మారి, అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతల కంపనాలు పైకి తేలతాయి. ఐదింతలదే ఆ గాంధారం. కీబోర్డుకు, సింథసైజరుకు డిస్టార్షన్ ఏది కొనాలని మా బ్యాండు కుర్రాళ్లు అడిగినప్పుడల్లా నాకు ఆ నూలుపోగే గుర్తొస్తుంది. ఎందుకంటే డిస్టార్షన్ చేసేదీ అదే పని. తరంగం సాఫీగా పోతుంటే దానికి ఒక అంచు అడ్డం పెడుతుంది. ఆ అంచు ఎక్కడ పెట్టారు, ఎంత మెత్తగా పెట్టారు అన్నదే పనితనం.

డిస్టార్షన్‌కు వక్రీకరణ అని అర్థం రాస్తారు. వాస్తవాల విషయంలో వాడే మాట అది, నిండా నింద ఉంది. సంగీతంలో నేను దాన్ని జీర అంటాను. దుఃఖం ముంచుకొచ్చినా, పొలం అవతలి వాళ్లను ఎలుగెత్తి పిలిచినా గొంతులో జీర వస్తుంది. మాట మారదు, మాటలోకి మనిషి వస్తాడు. వినాయక నిమజ్జనం రోజున డీజే బండి మీద స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా గరగరలాడతాయి చూడండి, అదీ తరంగం తల తెగడమే. యాంప్లిఫయరు తన శక్తికి మించి మోయబోయి తెగ్గొట్టిన తల అది. అక్కడ పోగు జరిపినవాళ్లు ఎవరూ లేరు. నేను చెప్పబోయేది పోగు జరిపినవాళ్ల గురించి.

నా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు నడిచిపోయేంత దూరం. వారానికి ఐదు రోజులు కోడ్ రాస్తాను. శనివారం సాయంత్రం గచ్చిబౌలిలో ఒక జామ్ రూమ్ గంటల లెక్కన తీసుకుని, నలుగురం కలిసి వాయించుకుంటాం. నలుగురమూ ఐటీవాళ్లమే. నా కీబోర్డు రోలాండ్ ఎక్స్‌పీఎస్-10. మన ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో తరచుగా కనిపించేదే. దానికి తగిలిద్దామని ఒకసారి గిటారు ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి తెచ్చాను. కుడి చేతి స్వరాలు అద్భుతంగా మండాయి. రెండో చరణంలో మా గిటారిస్టు పాట ఆపేశాడు.

“అన్నా, నీ ఎడమ చెయ్యి ఏమైంది? బాస్ అస్సలు వస్తలేదు.”

వాయిస్తూనే ఉన్నాను. వినపడటం లేదు, అంతే.

ఆ రాత్రి సర్క్యూట్ బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను. తప్పు పెడల్‌ది కాదని, దాన్ని గీసినవాళ్లు ఎంత ఆలోచించి గీశారోనని అప్పుడు అర్థమైంది. నేను తెచ్చినది ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ పోలికలో చేసినది. 1970ల చివర్లో వచ్చిన ఆ పచ్చడబ్బా సర్క్యూట్‌ను అప్పటి నుంచి ఎందరు అనుసరించారో లెక్కలేదు. లోపల 4558 అనే చిన్న ఆప్‌ యాంప్ చిప్. దాని చుట్టూ తిరిగొచ్చే దారిలో ఎదురెదురుగా రెండు డయోడ్లు. ధ్వని బలం అర వోల్టు దాటబోతుండగా డయోడ్లు మెల్లగా తెరుచుకుని పెరుగుదలను అణుస్తాయి. కత్తితో నరికినట్టు కాదు, అరచేత్తో నొక్కినట్టు. పైగా ఈ అమరికలో అసలు ధ్వని ఎక్కడికీ పోదు. నలిగిన ధ్వని కింద దాని అసలు రూపం చెక్కుచెదరకుండా నడుస్తూనే ఉంటుంది. అందుకే ఎంత నలిపినా గిటారిస్టు వేలి స్పర్శ తెలుస్తుంది.

ఇంకో చిన్న ముచ్చట ఉంది. అదే చిప్ దగ్గర 4,700 ఓమ్‌ల రెసిస్టరు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు జంటగా కూర్చుని ఉంటాయి. ఆ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. గీతకు పైనున్న స్వరాలు నాబ్ పూర్తిగా తిప్పితే 118 రెట్ల దాకా పెరుగుతాయి. గీత కిందికి దిగేకొద్దీ పెంపు తగ్గిపోతుంది. గిటారు మంద్ర తీగ 82 హెర్ట్జ్. దాన్ని కూడా అంతే పెంచి నలిపితే అంతా బురదవుతుంది. కాబట్టి కింది స్వరాలను వీలైనంత వరకు వాటి మానాన వదిలేశారు. రెండు రూపాయల సామానుతో చేసిన నిర్ణయం అది. ఎంత చక్కటి చెవి ఉండాలి! గిటారుకు వరమైన ఆ గీతే నా ఎడమ చేతికి అడ్డం పడింది. 61 మెట్ల కీబోర్డులో కింది షడ్జం 65 హెర్ట్జ్. కుడి చేయి నలిగి పొంగుతుంటే ఎడమ చేయి ఉన్నచోటే ఉండిపోయింది.

అందుకే కీబోర్డుకు డిస్టార్షన్ చూసేటప్పుడు నేను మొదట వెతికేది బ్లెండ్ నాబ్. అసలు ధ్వనిని, నలిగిన ధ్వనిని పక్కపక్కన పెట్టి, ఏది ఎంతో మన చేతికి ఇచ్చేది. బాస్ గిటారు కోసం చేసిన పెడల్స్‌లో ఇది తరచుగా ఉంటుంది. వాళ్ల కష్టం, మన కష్టం ఒకటే. రెండోది స్థాయి. గిటారు పికప్ ఇచ్చేది వోల్టులో కొద్ది భాగం. స్టూడియో లైన్ స్థాయి 1.23 వోల్టులు. సింథ్ వాల్యూమ్ నిండుగా పెట్టి గిటారు పెడల్‌లోకి పంపితే నాబ్ సున్నా మీద ఉన్నా నలగడం మొదలైపోతుంది. పాతకాలం ఫజ్ పెడల్స్‌తో ఇంకో చిక్కు. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్‌లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. గిటారు పికప్ తీగచుట్టే ఆ సర్క్యూట్‌లో సగభాగం అన్నట్టు పనిచేస్తుంది. సింథ్‌కు ఆ తీగచుట్ట లేదు కాబట్టి అదే ఫజ్ ముక్కలు ముక్కలుగా, కర్కశంగా పలుకుతుంది. మధ్యలో ఒక పెద్ద రెసిస్టరు పెడితే చాలామటుకు సర్దుకుంటుంది.

మూడోది వేళ్లకు సంబంధించింది. డిస్టార్షన్ ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే ఎత్తు. సంగతులు వేసేవాళ్లకు ఇది ప్రాణం తీసే విషయం. దీనికి మందు వాల్యూమ్ పెడల్‌ను డిస్టార్షన్‌కు ముందు పెట్టడం. అప్పుడు కాలు నొక్కేకొద్దీ శబ్దం కన్నా జీర ఎక్కువగా పెరుగుతుంది. తర్వాత పెడితే జీర అలాగే ఉండి శబ్దం మాత్రం తగ్గుతుంది. ఒకే పెడల్, ఒకే కాలు. పెట్టిన చోటును బట్టి రెండు వేరువేరు వాద్యాలు.

ఏ ధ్వనిని నలపాలన్నది కూడా ఆలోచించాల్సిందే. సింథ్‌లో చతురస్ర తరంగం ఒక్కటే పెట్టి డిస్టార్షన్ పెడల్‌లోకి పంపి చూడండి, దాదాపు ఏ మార్పూ ఉండదు. దాని తల ముందే చదునుగా ఉంది, ఇంకేం నరుకుతాం? అదే వేణువులా మెత్తగా ఉన్న ధ్వనిని పంపితే గుమ్మడి పువ్వులా విచ్చుకుంటుంది. డీప్ పర్పుల్ బృందంలో జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను మార్షల్ గిటారు యాంప్లిఫయరులోకి పంపి అంత గర్జన పుట్టించాడంటే కారణాల్లో ఇదొకటి. హామండ్‌లో ఒక్కో డ్రాబార్ ఇచ్చేది దాదాపు శుద్ధమైన తరంగం. జీర చేరడానికి బోలెడంత చోటు ఉంది.

ఇక చిక్కంతా ఉన్నది కార్డుల దగ్గర. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. షడ్జ పంచమాలు రెండూ కలిపి నొక్కి డిస్టార్షన్‌లోకి పంపితే నిండుగా, బలంగా మోగుతుంది. రాక్ గిటారిస్టుల పవర్ కార్డ్ అదే. స–గ–ప మూడూ నొక్కితే గజిబిజి. ఎందుకు? షడ్జం 261.6 హెర్ట్జ్ అనుకుందాం. దాని మూడింతలు 784.9. కీబోర్డు పంచమం 392, దాని రెట్టింపు 784. రెండింటికీ తేడా సెకనుకు ఒక్క ఊపు కూడా లేదు, హాయిగా కలిసిపోతాయి. గాంధారానికి రండి. షడ్జం ఐదింతలు 1308.1. కీబోర్డు గాంధారం 329.6, దాని నాలుగింతలు 1318.5. సెకనుకు పది ఊపులు! మామూలు పియానో ధ్వనిలో ఆ పై కంపనాలు బలహీనంగా ఉంటాయి కాబట్టి చెవి సర్దుకుపోతుంది. డిస్టార్షన్ వాటిని పైకి లాగి నిలబెడుతుంది, వాటి తేడాలను కూడా స్వరాలుగా పలికిస్తుంది. తంబురా చూపించే గాంధారం వేరు, కీబోర్డు మీద ఉన్న గాంధారం వేరు. అన్ని శ్రుతులకూ సరిపోవాలని మెట్లన్నీ సమానంగా కోసుకున్నందుకు కీబోర్డు చెల్లించిన మూల్యం అది. డిస్టార్షన్ ఆ బాకీని బయటపెడుతుంది.

మరి పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు అన్న గిటారు బిట్ వాయిస్తూ మూడు స్వరాల కార్డు కొట్టినా గజిబిజి రాదేం? ఆయన నొక్కినది డిస్టార్షన్ గిటార్ టోన్. 1991 నాటి జనరల్ మిడి పట్టికలో 30వది ఓవర్‌డ్రైవెన్ గిటార్, 31వది డిస్టార్షన్ గిటార్. ఆ టోన్‌లో ఒక్కో స్వరాన్ని విడిగా నలిపి రికార్డు చేసి పెట్టారు. మూడు మెట్లు నొక్కితే ముగ్గురు గిటారిస్టులు తలా ఒక స్వరం వాయించినట్టు. స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకోవు. శుభ్రంగా ఉంటుంది, కానీ పొత్తు ఉండదు. పెడల్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అన్నిటినీ ఒకే గిన్నెలో వేసి కలుపుతుంది. కార్డులు ఎక్కువ వాయించేవాళ్లు మొదటిదాన్ని, ఒంటి స్వరంతో లీడ్ వాయించేవాళ్లు రెండోదాన్ని చూసుకోవాలి. దుకాణంలో ఎవరూ చెప్పని భేదం ఇదే.

రెండూ ఒకే పెట్టెలో ఇచ్చిన సింథ్ ఒకటుంది, దాన్ని తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 2017లో వచ్చిన నొవేషన్ పీక్. ఎనిమిది స్వరాలు పలుకుతుంది. ప్రతి స్వరానికీ ఫిల్టర్ ముందు ఒకచోట, ఫిల్టర్ తర్వాత ఒకచోట సొంత డిస్టార్షన్ ఉంది. ఎనిమిదీ కలిశాక చివర్లో ఇంకొకటి. అంటే గిన్నెలో పోయకముందు ఎంత వేయించాలి, పోశాక ఎంత ఉడికించాలి అన్నది విడివిడిగా మన చేతిలో ఉంటుంది. దాని రూపకల్పనలో ముఖ్యుడు క్రిస్ హగెట్. ఈయనే 1978లో వాస్ప్ అనే పసుపు నలుపుల చవక సింథ్ చేశాడు. అందులోని ఫిల్టర్‌లో డిజిటల్ పనులకు వాడే మామూలు ఇన్వర్టర్ చిప్‌ను తెచ్చి, ఖరీదైన ఆప్‌ యాంప్‌ల బదులు కూర్చోబెట్టాడు. అవునూ కాదూ తప్ప మధ్యస్థం తెలియని చిప్ అది. దానితో స్వరం పలికిస్తే అంచుల్లో ఒక పచ్చి గరుకుతనం వచ్చింది. ఇవాళ్టికీ వాస్ప్ ఫిల్టర్ అని పేరు పెట్టి మరీ చేసుకుంటున్నారు. చవక సామానును దాని స్వభావం తెలుసుకుని వాడుకోవడం అంటే ఇదీ. హగెట్ 2020లో కన్నుమూశాడు.

మినీమూగ్ కథ ఇంకా ముచ్చటైనది. 1970లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో తయారైంది. మూడు ఆసిలేటర్లు ఒక మిక్సర్‌లో కలిసి, ట్రాన్సిస్టర్ల నిచ్చెన లాంటి ఫిల్టర్‌లోకి వెళతాయి. ఆ స్థాయి లెక్కించడంలో ఇంజనీరు జిమ్ స్కాట్ పొరపడ్డాడు. ఫిల్టర్ తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ ధ్వని లోపలికి పోసింది మిక్సర్. విన్నవాళ్లకు ఆ నిండుదనం నచ్చింది, అలాగే ఉంచేశారు. పొరపాటు చేయడం గొప్ప కాదు. చెవితో విని, కాగితం మీది లెక్కను పక్కన పెట్టగలగడం గొప్ప. తర్వాత వాయించేవాళ్లు ఇంకో అడుగు వేశారు. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తీగ తీసి, బయటి ధ్వని కోసం ఉంచిన రంధ్రంలో గుచ్చారు. స్వరం తన తోక తానే పట్టుకున్నట్టు తిరిగి ఫిల్టర్‌లోకే వస్తుంది. కొంచెం తిప్పితే గొంతు లావెక్కుతుంది, ఇంకా తిప్పితే కేక. ఫ్రాన్స్‌లోని ఆర్టూరియా కంపెనీ ఈ చిట్కాను తన మైక్రోబ్రూట్‌లో బ్రూట్ ఫ్యాక్టర్ పేరుతో ఒక నాబ్‌గా పెట్టేసింది. తీగ అక్కర్లేదు. విడిగా పెడల్ కొనేముందు మీ సింథ్‌లో ఇలాంటి దారి ఏదైనా ఉందేమో చూసుకోండి. లోపలి జీర బయటి జీర కన్నా స్వరానికి దగ్గర చుట్టం.

మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు చాలామంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ మీదే వాయిస్తారు. పక్క ఫ్లాట్లో పసిపిల్లలు, పై ఫ్లాట్లో రాత్రి షిఫ్టువాళ్లు. కాబట్టి సాఫ్ట్‌వేర్ డిస్టార్షన్ గురించి చెప్పకపోతే అన్యాయం. మా వృత్తివాళ్ల పనితనం కూడా ఇందులోనే ఉంది. కంప్యూటరు సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తుంది. అందులో సగం, 22,050 హెర్ట్జ్ దాకానే దానికి చోటు. 3,000 హెర్ట్జ్ స్వరాన్ని గట్టిగా నలిపితే దాని మూడింతలు, ఐదింతలు, ఏడింతలు అంటూ బేసి కంపనాలు పుడతాయి. పదిహేనింతలది 45,000. దానికి చోటు లేదు. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుందే, అలా అది మడత పడి 900 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. మనం నొక్కిన స్వరం కన్నా కింద, ఏ శ్రుతికీ చెందని ఒక అపస్వరం! పై స్థాయిలో బెండ్ వీల్‌తో గమకం ఇస్తే అసలు స్వరం పైకి పోతుంటే ఇది ఇంకోలా నడుస్తుంది. చవకగా రాసిన ప్లగిన్లలో వినిపించే ఈల, కీచు ఇదే.

మంచి ప్లగిన్ రాసేవాళ్లు దీనికి ఓవర్‌శాంప్లింగ్ చేస్తారు. నలిపే ముందు కొలతలను నాలుగింతలు, ఎనిమిదింతలు చేసుకుని, అంత పెద్ద పళ్లెంలో నలిపి, అదనంగా చిమ్మినదంతా వడకట్టి, మళ్లీ మామూలు పళ్లెంలోకి వంచుతారు. ప్రాసెసర్ వేడెక్కుతుంది, స్వరం శుభ్రంగా ఉంటుంది. పరీక్షించడం తేలిక. ఒకే శుద్ధ స్వరం పెట్టి, డ్రైవ్ బాగా పెంచి, బెండ్ వీల్‌ను మెల్లగా పైకి తోయండి. పైకి వెళ్తున్న స్వరం కింద ఏదైనా దిగుతూ వినిపిస్తే ఆ ప్లగిన్ వద్దు.

చివరికి నేనేం కొన్నాను? ఏమీ కొనలేదు. ఒక ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఒక 4558 చిప్, చిన్న గాజుగొట్టాల్లాంటి 1ఎన్4148 డయోడ్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, మూడు పొటెన్షియోమీటర్లు, అల్యూమినియం డబ్బా. ఆ పాత సర్క్యూట్‌నే కట్టాను. గీతను 720 నుంచి బాగా కిందికి దించడానికి 0.047 కెపాసిటరు బదులు 0.47 వేశాను. ముందు స్థాయి తగ్గించే నాబ్, చివర బ్లెండ్. ఛార్జరు ద్వారా వచ్చే గుమ్మనే శబ్దం ఇన్ని రెట్లు పెరగకుండా తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ఎడమ చేయి తిరిగొచ్చింది.

ఇంకొక్కటి మిగిలింది. ఎదురెదురుగా ఒక్కొక్క డయోడే ఉంటే తరంగం పైనా కిందా సమానంగా నలుగుతుంది, బేసి కంపనాలే వస్తాయి. ఒక వైపు రెండు డయోడ్లు వేస్తే రెండు సగాలూ వేరువేరుగా నలిగి సరి కంపనాలు కూడా చేరతాయి. 1981లో వచ్చిన బాస్ ఎస్‌డీ-1 చేసేది ఇదే. ఒక రాత్రి మూడో డయోడ్ అతికించి, టంకం చల్లారాక, మెత్తటి వేణువు టోన్ పెట్టి షడ్జ పంచమాలు నొక్కి పట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. డ్రైవ్ నాబ్‌ను వెంట్రుకవాసి ముందుకి, కాస్త వెనక్కి తిప్పుతూ పోయాను. తొమ్మిదిన్నరకు గంటల ముల్లు ఉండే చోటికి వచ్చేసరికి ధ్వని విచ్చుకుంది. కింద మంద్ర షడ్జం, పైన నేను నొక్కని గాంధారం. 261.6, 392 కలిస్తే 653.6. నా కీబోర్డు మీద ఆ స్థాయి గాంధారం మెట్టు 659.3. వినిపిస్తున్నది ఆ మెట్టు కాదు, దానికి కొద్దిగా కింద, తంబురా గాంధారం ఉండే చోటు. వేళ్లు తీయకుండా చాలాసేపు అలాగే ఉంచాను.